చిప్‌సెట్ నమ్మదగినదని ఏ ఆధారంతో చెబుతారు?

నీలితెర:
అందరికీ నమస్కారం. వీడియో ఎడిటింగ్‌కి వాడే డెస్క్‌టాప్‌తో తల పట్టుకుని కూర్చున్నాను. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి పెద్ద ఫైళ్లు కాపీ పెడితే మధ్యలో డ్రైవ్ ఊడిపోయిన శబ్దం వస్తుంది, కాసేపటికి దానంతటదే మళ్లీ కనెక్ట్ అవుతుంది. అప్పుడప్పుడు మౌస్ కూడా అదే సమయంలో బిగుసుకుపోతుంది. డ్రైవ్ మార్చాను, కేబుల్ మార్చాను, తేడా లేదు. తెలిసినవాళ్లని అడిగితే, బోర్డు మీద ప్రాసెసర్‌ని డ్రైవ్‌లు, పోర్టులతో కలిపే చిప్‌సెట్‌ని తిడుతూ "ఆ కంపెనీ చిప్‌సెట్లు అంతే, బోర్డు అమ్మేసి రెండో కంపెనీది తీసుకో" అంటున్నారు. రెండో కంపెనీది వాడేవాళ్లు మొదటి కంపెనీకి మారిపొమ్మంటున్నారు.

నాది ఏ కంపెనీదో కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక చిప్‌సెట్ నమ్మదగినదనో కాదనో మీరు దేన్ని బట్టి తేలుస్తారో చెప్పండి. త్వరలో కొత్త మిషన్ కూడా కట్టాలి.

పాతకాపు:
నీలితెర గారూ, చిప్‌సెట్‌కి ఏమీ తేడా ఉండదని చెప్పేవాళ్ల మాట వినకండి. చాలా తేడా ఉంటుంది. 1998లో వచ్చిన ఇంటెల్ 440బీఎక్స్ గురించి ఆ కాలంలో మిషన్లు కట్టిన ఎవరినైనా అడగండి. 100 మెగాహెర్ట్జ్ బస్ (ప్రాసెసర్, చిప్‌సెట్ మధ్య డేటా నడిచే దారి) కోసం చేసిన చిప్‌సెట్, జనం దాన్ని 133కి తోసి నడిపారు. అలా నడిపినప్పుడు గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఏజీపీ స్లాట్ 66 బదులు 89 మెగాహెర్ట్జ్ దగ్గర పరిగెత్తేది, అయినా చాలామందికి ఏళ్ల తరబడి ఆడింది. దాని తర్వాత అదే కంపెనీ తెచ్చిన 820 చిప్‌సెట్ సంగతి చూడండి. ఖరీదైన ఆర్‌డీర్యామ్ అనే మెమరీ కోసం దాన్ని తయారుచేశారు. మామూలు ఎస్‌డీర్యామ్ కూడా పెట్టుకునేలా మధ్యలో ఒక అనువాదక చిప్ ఇరికించారు. ఆ చిప్‌లో ఎలక్ట్రికల్ నాయిస్ సమస్య బయటపడి, 2000 మే నెలలో ఆ చిప్ ఉన్న బోర్డులన్నీ మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఒకే కంపెనీ, మధ్యలో రెండేళ్లు కూడా లేవు. కాబట్టి కంపెనీ పేరు చూసి నమ్మడం కుదరదు, ఏ చిప్‌సెట్ అన్నదే చూడాలి.

ఇక వయా కంపెనీ 686బీ సౌత్‌బ్రిడ్జ్, అంటే చిప్‌సెట్‌లో డ్రైవ్‌లు, పోర్టులు చూసుకునే చిప్. 2001 ప్రాంతంలో సౌండ్ బ్లాస్టర్ లైవ్ అనే సౌండ్ కార్డు పెట్టుకుని, ఒక ఐడీఈ చానెల్ (అప్పటి హార్డ్‌డిస్క్‌లు కలిపే దారి) నుంచి ఇంకో చానెల్‌కి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే డేటా పాడయ్యేది. స్క్రీన్ మీద ఏ ఎర్రరూ రాదు. కాపీ అయిపోయిందని చెబుతుంది, ఫైల్ తెరిస్తే లోపల చెత్త. మిషన్ ఆగిపోతే కనీసం ఆగిపోయిందని తెలుస్తుంది. ఇలా చాటుగా పాడైపోయే దానిని నేను ఎప్పటికీ క్షమించలేను. బయోస్ (బోర్డు చిప్‌లోనే ఉండి మిషన్‌ని లేపే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్) అప్‌డేట్లు, డ్రైవర్ ప్యాచ్‌లు వచ్చి సర్దుకునేలోపు ఎంతమంది బ్యాకప్‌లు పోయాయో.

మల్టీమీటర్:
పాతకాపు గారు చరిత్ర చెప్పారు, నేను రిపేర్ బల్ల మీద చూసేది చెబుతాను. "చిప్‌సెట్ పోయిందంట" అని వచ్చే బోర్డుల్లో ఎక్కువ వాటికి చిప్‌సెట్ బాగానే ఉంటుంది. పోయేది ప్రాసెసర్‌కి పవర్ ఇచ్చే మాస్ఫెట్, లేదా బయోస్ చిప్‌లో కరప్ట్ అయిన ఫర్మ్‌వేర్, లేదా వంగిపోయిన సాకెట్ పిన్. 2000ల మొదట్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు తల ఉబ్బి, గోధుమరంగు రసం కార్చుకుని చచ్చిపోయిన కాలంలో అయితే పాపమంతా చిప్‌సెట్ల మీదే పడింది. ఉబ్బిన కెపాసిటర్లు నాలుగు మారిస్తే అదే "చెత్త చిప్‌సెట్" బోర్డు మళ్లీ లేచి కూర్చునేది.

అయితే నిజంగా చిప్‌సెట్ చచ్చిపోయే దారి ఒకటుంది, అది యూఎస్‌బీ పోర్టు. ఇంటెల్ ఐసీహెచ్5 సౌత్‌బ్రిడ్జ్ రోజుల్లో ముందు ప్యానెల్ పోర్టులో పెన్‌డ్రైవ్ పెడుతుంటే చేతి మీది స్టాటిక్ కరెంట్ లోపలికి పోయి సౌత్‌బ్రిడ్జ్ కాలిపోయేది. చిప్ మీద చిన్న బొడిపె లేచి కనిపించేది. ఇప్పటికీ నేను బోర్డు చేతికి రాగానే మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ప్రతి యూఎస్‌బీ పోర్టు డేటా లైన్లు రెండూ గ్రౌండ్‌తో కొలుస్తాను. ఒకే చిప్ నుంచి వచ్చిన పోర్టులన్నిటికీ రీడింగ్ ఇంచుమించు ఒకటే రావాలి. ఒక్క లైన్ సున్నాకి దగ్గరగా వచ్చిందంటే ముందు ఆ పోర్టు పక్కన స్టాటిక్ నుంచి కాపాడే ఈఎస్‌డీ ప్రొటెక్షన్ ముక్క తీసి మళ్లీ కొలుస్తాను. అప్పటికీ సున్నా అయితే చిప్ లోపలే పోయింది. ఆ ముక్క పెట్టకుండా ఆదా చేసిన బోర్డులు కూడా చూశాను. అక్కడ తప్పు చిప్‌సెట్ చేసినవాళ్లదా, బోర్డు చేసినవాళ్లదా?

కొత్తబిల్డ్:
సీనియర్లు చెప్పినవి బాగున్నాయి కానీ 440బీఎక్స్, 686బీ కథలతో ఇప్పటి బోర్డు కొనలేం కదా అన్నా. ఆ రోజుల్లో ర్యామ్ కంట్రోలర్, గ్రాఫిక్స్ స్లాట్ అన్నీ చిప్‌సెట్‌లోనే ఉండేవి. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో ర్యామ్ కంట్రోలర్‌ని ప్రాసెసర్‌లోకి తీసుకుపోయింది. ఇంటెల్ 2008లో నెహాలెమ్ ప్రాసెసర్లతో అదే చేసింది, మరుసటేడు పీ55 చిప్‌సెట్ వచ్చేసరికి గ్రాఫిక్స్ లేన్లు కూడా ప్రాసెసర్‌కే వెళ్లిపోయాయి. ఆ పనులు చూసే నార్త్‌బ్రిడ్జ్ చిప్ అనేదే లేదు. మిగిలింది సాటా (లోపలి డ్రైవ్‌ల పోర్టులు), యూఎస్‌బీ, కార్డులకి డేటా పోయే కొన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు పంచే ఒక చిన్న చిప్. ఇందులో పాడవడానికి ఏముంది?

సర్వర్‌గది:
కొత్తబిల్డ్, మీరన్న ఆ చిన్న చిప్‌లోనే ఒక పెద్ద లోపం బయటపడింది. 2011 జనవరి 9న ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లు, వాటితో పీ67, హెచ్67 చిప్‌సెట్లు మార్కెట్లోకి వచ్చాయి. 31వ తేదీకల్లా సరఫరా ఆపేశారు. రెండు సాటా 6 గిగాబిట్ పోర్టులకు ఏమీ కాలేదు. మిగిలిన నాలుగు 3 గిగాబిట్ పోర్టులు వాడే కొద్దీ బలహీనపడతాయని తేలింది.

కారణం చాలా చిన్నది. ఆ పోర్టుల పనిని సమయానికి నడిపే క్లాక్ సిగ్నల్ ఇచ్చే సర్క్యూట్‌లో ఒక ట్రాన్సిస్టర్ గేట్ పొర పలచనిది, దానికి ఇచ్చిన వోల్టేజీ ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ లీకేజీ పెరుగుతుంది, క్లాక్ చెదురుతుంది, ఎర్రర్లు పెరుగుతాయి, చివరికి డ్రైవ్ కనబడదు. కొన్న రోజు టెస్ట్ చేస్తే అన్నీ పాస్. పైపెచ్చు ఆ ట్రాన్సిస్టర్ అక్కడ అవసరమే లేదు. పై మెటల్ పొరలో చిన్న మార్పు చేసి దాన్ని తప్పించి బీ3 స్టెప్పింగ్ (అదే చిప్‌కి సవరించిన కూర్పు) తెచ్చారు. సరిచేయడానికి, బోర్డులు మార్చడానికి అయ్యే ఖర్చు 70 కోట్ల డాలర్లని కంపెనీయే అంచనా వేసి చెప్పింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ లోపం తీరు. ఏ కంపెనీ బోర్డు అయినా, ఏ పవర్ సప్లై అయినా, అవే నాలుగు పోర్టులు, అదే స్టెప్పింగ్. అలా వరుస కుదిరితే సిలికాన్ తప్పు, అంటే చిప్‌దే. ఒక కంపెనీ ఒక మోడల్‌కే పరిమితమైతే బోర్డు తప్పు. బయోస్ వెర్షన్‌తో మారుతుంటే ఫర్మ్‌వేర్ తప్పు. నేను ఈ మూడు ప్రశ్నలు దాటకుండా ఏ చిప్‌సెట్‌నీ చెడ్డదని అనను.

ఇంకా పాత శాండీ బ్రిడ్జ్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎవరైనా ఉంటే, లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టి 6 సిరీస్ చిప్‌సెట్ పక్కన రివిజన్ చూడండి. 05 అంటే బీ3, నిశ్చింత. 04 అంటే బీ2, డ్రైవ్‌లు మొదటి రెండు పోర్టులకే పెట్టుకోండి.

పాతకాపు:
సర్వర్‌గది గారి మూడు ప్రశ్నలూ సరైనవే. ఇంకొకటి కలుపుతాను: తప్పు తేలాక కంపెనీ ఏం చేసింది? ఆ సాటా విషయంలో మూడు వారాల్లో బయటపెట్టి, సరుకు వెనక్కి తీసుకున్నారు. ఎన్‌విడియా ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్లతో నా అభిప్రాయం వేరు. ఎన్‌ఫోర్స్4లో హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ అని గొప్పగా పెట్టారు, దాన్ని ఆన్ చేస్తే డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు పాడయ్యేవి, చివరికి అందరూ ఆఫ్ చేసుకుని వాడుకున్నారు. ఎన్‌ఫోర్స్ 680ఐ వచ్చినప్పుడు మళ్లీ సాటా డ్రైవ్‌ల మీద డేటా కరప్షన్, బయోస్ అప్‌డేట్‌తో సర్దారు. 2008 జూలైలో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు, చిప్‌సెట్లు ప్యాకేజింగ్ బలహీనత వల్ల పోతున్నాయని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగి చిప్ కిందున్న సన్నని సోల్డర్ బంప్‌లు పగిలిపోయేవి.

మల్టీమీటర్:
ఆ ల్యాప్‌టాప్‌లు నేనూ చూశాను. హాట్ ఎయిర్‌తో వేడిచేస్తే కొన్నాళ్లు బతికేవి, మళ్లీ వచ్చేవి. వేడిచేయడం రిపేర్ కాదని చెప్పినా వినేవాళ్లు కాదు. ఇప్పుడు కూడా యూట్యూబ్ చూసి బోర్డులు ఓవెన్‌లో పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

బయోస్‌తాజా:
అసలు నీలితెర గారి లక్షణం దగ్గరికి వద్దాం. యూఎస్‌బీ డ్రైవ్ తెగి తెగి కలవడం అంటే ఏఎండీ 500 సిరీస్ చిప్‌సెట్లు గుర్తొస్తాయి. 2021 ఫిబ్రవరిలో ఏఎండీ ఆ సమస్య ఉందని బహిరంగంగా ఒప్పుకుంది, ఏప్రిల్‌లో అజీసా 1.2.0.2 (బయోస్ కోసం ఏఎండీ ఇచ్చే మూల కోడ్) ఫర్మ్‌వేర్‌తో పరిష్కారం వచ్చింది. ఆలోగా చాలామంది గ్రాఫిక్స్ స్లాట్‌ని పీసీఐ జెన్4 వేగం నుంచి జెన్3కి దించి కాలం గడిపారు. మరుసటేడు టీపీఎం (సెక్యూరిటీ కీలు దాచే భాగం) వల్ల మిషన్ ఆగి ఆగి నడిచే సమస్య. అది బయోస్ ఫ్లాష్ మెమరీతో జరిగే లావాదేవీల వల్ల. దానికీ ఫర్మ్‌వేరే మందు.

ఇంటెల్ వైపు కూడా ఉంది. 2013లో హాస్‌వెల్ ప్రాసెసర్లతో వచ్చిన 8 సిరీస్ చిప్‌సెట్ సీ1 స్టెప్పింగ్‌లో, మిషన్ నిద్ర నుంచి లేచాక యూఎస్‌బీ 3 డ్రైవ్‌లు కొన్ని కనబడేవి కావు. అది సీ2 స్టెప్పింగ్‌తోనే పోయింది.

నీలితెర గారూ, మీ బయోస్ ఏ తేదీది? తెగే పోర్టులు ఏవో విడదీసి చూశారా?

నీలితెర:
బయోస్ బోర్డు కొన్నప్పటిదే, ఎప్పుడూ ముట్టుకోలేదు. నడుస్తున్న దానిని కదపకూడదంటారు కదా అని ఊరుకున్నాను. వెనక పోర్టులన్నీ ఒకటే అనుకుని ఏది ఖాళీగా ఉంటే దాంట్లో పెడుతున్నాను. విడదీయడం ఎలా?

సర్వర్‌గది:
బోర్డు మాన్యువల్‌లో బ్లాక్ డయాగ్రామ్ ఉంటుంది. లేకపోతే వెనక ప్యానెల్ వివరాల్లో ఏ పోర్టు ఎక్కడి నుంచో రాసి ఉంటుంది. ఏఎండీ ఏఎం4 బోర్డుల్లో నాలుగు యూఎస్‌బీ 3 పోర్టులు నేరుగా ప్రాసెసర్ నుంచి వస్తాయి, మిగతావి చిప్‌సెట్ నుంచి. ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో యూఎస్‌బీ దాదాపు అంతా చిప్‌సెట్ నుంచే. ఇవి కాక కొన్ని బోర్డుల్లో విడిగా ఇంకో కంట్రోలర్ చిప్ గానీ హబ్ చిప్ గానీ ఉంటుంది. అంటే మీ వెనక ప్యానెల్ మీద పక్కపక్కనే ఉన్న రెండు పోర్టులకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోవచ్చు.

ముందు ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్), ఓవర్‌క్లాక్ లాంటివన్నీ తీసేసి ర్యామ్ టెస్ట్ ఒక రాత్రంతా నడపండి. తర్వాత ఒకే డ్రైవ్, ఒకే కేబుల్, ఒకే పెద్ద ఫైల్. ప్రాసెసర్ పోర్టులో ఒకసారి, చిప్‌సెట్ పోర్టులో ఒకసారి, ముందు ప్యానెల్‌లో ఒకసారి. కాపీ అయ్యాక రెండు ఫైళ్లూ ఒకటేనా అని తేల్చే చెక్‌సమ్ సరిచూడండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ అని ఉన్న హార్డ్‌వేర్ ఎర్రర్ ఎంట్రీలు వస్తున్నాయా చూడండి. ప్రాసెసర్ పోర్టుతో సహా అన్ని పోర్టుల్లోనూ ఒకేలా తెగితే చిప్‌సెట్‌ని వదిలేసి పవర్ సప్లై వైపు చూడాలి.

లోపలి సాటా డ్రైవ్‌లు వాడేవాళ్లకి కూడా ఒక మాట. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రీడింగుల్లో సీ7 అనే సీఆర్‌సీ ఎర్రర్ (దారిలో పాడైన డేటా) లెక్క పెరుగుతుంటే డిస్క్ పళ్లేలు బాగానే ఉన్నట్టు, దారిలోనే తేడా. కేబుల్ మార్చినా పెరుగుతుంటే పోర్టు మార్చండి. పోర్టు మార్చాక ఆగితే అప్పుడు చిప్‌సెట్‌ని అనుమానించండి.

కొత్తబిల్డ్:
ఇదంతా చూస్తే నా మాటే బలపడుతోంది. చిప్‌సెట్ కంటే చుట్టూ ఉన్నవే పాడవుతున్నాయి. నెట్‌వర్క్ కూడా అంతే. 2020లో చాలా బోర్డుల మీద ఇంటెల్ ఐ225-వీ అనే 2.5 గిగాబిట్ చిప్ తొలి స్టెప్పింగ్ లోపంతో వచ్చింది, కొన్ని స్విచ్‌లతో కలిపితే ప్యాకెట్లు పోయి వేగం పడిపోయేది. అది చిప్‌సెట్‌లో లేదు, విడి చిప్. కానీ జనం ఆ బోర్డుల చిప్‌సెట్ జెడ్490 చెడ్డదన్నారు. 2024లో ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్లు అస్థిరంగా ఉంటే ముందు బోర్డుల్ని, గ్రాఫిక్స్ కార్డుల్ని తిట్టారు. ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఫర్మ్‌వేర్) సవరణ వచ్చాక గానీ ప్రాసెసర్‌కి పంపే వోల్టేజీ సంగతి అందరికీ ఎక్కలేదు.

పాతకాపు:
తమ్ముడూ, వాడేవాడికి ఆ విభజన ఎందుకు? నేను కొన్నది ఒక ప్లాట్‌ఫాం. చిప్‌సెట్, ఫర్మ్‌వేర్, దాని డ్రైవర్ అన్నీ ఆ కంపెనీ నుంచే వస్తాయి. నా డ్రైవ్ తెగిపోతే అది సిలికాన్ వల్లా ఫర్మ్‌వేర్ వల్లా అని నేను తేల్చాల్సిన అవసరం లేదు. ఫర్మ్‌వేర్ సరిగా లేని చిప్‌సెట్ నా దృష్టిలో నమ్మకం లేని చిప్‌సెట్టే.

సర్వర్‌గది:
అవసరం ఉందండీ. ఫర్మ్‌వేర్ తప్పయితే ఈ రాత్రే ఫ్లాష్ చేసి పడుకోవచ్చు. సిలికాన్ తప్పయితే బోర్డు మార్చాలి. 2013 తర్వాత చిన్న సర్వర్లలో, రౌటర్లలో వాడిన ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్ చూడండి. అందులో చిప్‌సెట్ పనులన్నీ ప్రాసెసర్‌తో పాటే ఉంటాయి. బూట్ అవడానికి కావాల్సిన ఎల్‌పీసీ క్లాక్ సిగ్నల్ వచ్చే సర్క్యూట్ వాడకంతో అరిగిపోయి ఆగిపోయేది, ఆగాక ఆ మిషన్ బూట్ కాదు. 2017లో సిస్కో తన పరికరాల గురించి ప్రకటించాక లోకానికి తెలిసింది. దాదాపు 18 నెలలు దాటిన పరికరాలతో మొదలని చెప్పారు. దానికి ఏ బయోస్ అప్‌డేటూ పనిచేయదు.

అలాంటి దాన్ని ముందే పసిగట్టడానికి నేను చేసే పని ఒకటుంది. ఇంటెల్ ప్రతి చిప్‌సెట్‌కీ స్పెసిఫికేషన్ అప్‌డేట్ అనే పత్రం పెడుతుంది. తెలిసిన లోపాల జాబితా, ఏ స్టెప్పింగ్‌లో ఉన్నాయి, సరిచేస్తారా లేదా అని. ఏఎండీ ప్రాసెసర్లకు రివిజన్ గైడ్ పెడుతుంది. జాబితా పొడుగ్గా ఉందని బెదిరిపోకండి, ప్రతి చిప్‌కీ లోపాలుంటాయి. చాలావాటికి ఎదురుగా సరిచేయం అనే రాసి ఉంటుంది, వాటిని ఫర్మ్‌వేర్ దాటుకుని పోతుంది. దాచకుండా రాసేవాళ్ల చిప్ నాకు ఎక్కువ నమ్మకం.

నీలితెర:
చెప్పినట్టే చేశాను. ర్యామ్ టెస్ట్‌లో తప్పుల్లేవు. ప్రాసెసర్ పోర్టులో కాపీ పెడితే చివరిదాకా తెగలేదు, చెక్‌సమ్ సరిపోయింది. వెనక చిప్‌సెట్ పోర్టుల్లో తెగింది. బయోస్ అప్‌డేట్ చేశాక అవీ నిలబడ్డాయి. ముందు ప్యానెల్ మాత్రం ఇంకా తెగుతోంది.

మల్టీమీటర్:
ముందు ప్యానెల్‌కి బోర్డు మీది హెడర్ (పిన్నుల సాకెట్) నుంచి క్యాబినెట్ కేబుల్ పోతుంది. దాని పొడవు, షీల్డింగ్ నాసిరకంగా ఉంటే 5 గిగాబిట్ సిగ్నల్ నిలవదు. ముందు ఆ ప్లగ్ పీకి పిన్నులు చూడండి. యూఎస్‌బీ 3 హెడర్‌లో 19 పిన్నులుంటాయి, ఒకటి వంగితే కంటికి ఆనదు, టార్చి పట్టుకుని పక్కనుంచి చూడాలి. పిన్నులు బాగుంటే అదే డ్రైవ్‌ని ముందు ప్యానెల్లోనే యూఎస్‌బీ 2 కేబుల్‌తో పెట్టండి. అప్పుడు తెగకపోతే తప్పు క్యాబినెట్ కేబుల్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. చిప్‌సెట్‌ని వదిలేయొచ్చు.

బయోస్‌తాజా:
కొత్త మిషన్ గురించి కూడా అడిగారు కదా. నా పద్ధతి: చిప్‌సెట్ వచ్చిన వెంటనే కొనను, కొన్ని నెలలు ఆగుతాను. కొనేముందు ఆ బోర్డు బయోస్ పేజీ తెరిచి, అదే కంపెనీ పాత తరం బోర్డులకి ఇంకా అప్‌డేట్లు ఇస్తోందా చూస్తాను. 2023లో రైజెన్ 7000 ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయినప్పుడు, ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో ర్యామ్ కంట్రోలర్ లాంటివి ఉన్న భాగం) వోల్టేజీని 1.3 వోల్టులకి కట్టేసే బయోస్ రావాల్సి వచ్చింది. అలాంటప్పుడు త్వరగా అప్‌డేట్ ఇచ్చే బోర్డు కంపెనీయే మనల్ని కాపాడుతుంది.

కొత్తబిల్డ్:
వేడి సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2019లో ఏఎండీ ఎక్స్570 చిప్‌సెట్‌కి ఫ్యాన్ పెట్టాల్సి వచ్చింది కదా. అది ఆగిపోతే?

పాతకాపు:
ఎన్‌ఫోర్స్4 బోర్డుల మీది చిన్న ఫ్యాన్లు ఎలా గరగరలాడి ఆగిపోయేవో చూశాను కాబట్టి ఫ్యాన్ ఉన్న చిప్‌సెట్ నేను కొనను. అవి గ్రాఫిక్స్ కార్డు కిందే ఉండేవి, దుమ్ము కనబడేది కాదు, ఆగిన సంగతి తెలిసేది కాదు. ఎక్స్570 ఫ్యాన్ ఎక్కువ బోర్డుల్లో అవసరమైతేనే తిరుగుతుంది, మేలే. అయినా 2021లో ఫ్యాన్ లేని ఎక్స్570ఎస్ బోర్డులు వచ్చాయి. రెండూ దొరికితే ఫ్యాన్ లేనిదే తీసుకోండి.

కొత్తబిల్డ్:
మరి ఏఎండీ ఎక్స్670 చిప్‌సెట్‌లో రెండు చిప్‌లు కదా, బీ650లో ఒకటే. రెండుంటే పాడయ్యే అవకాశం ఎక్కువేనా?

సర్వర్‌గది:
రెండు చిప్‌లూ ఒకటే రకం. ప్రాసెసర్‌కి మొదటి చిప్, మొదటి చిప్‌కి రెండోది గొలుసులా కలుపుతారు. వేడి రెండు చోట్లకి పంచుకుంటుంది, కాబట్టి ఫ్యాన్ లేకుండా సరిపోతుంది. కానీ రెండో చిప్‌కి పెట్టినదంతా మొదటి చిప్ గుండానే పోవాలి, మొదటి చిప్‌కి ప్రాసెసర్‌తో ఉన్న దారి పీసీఐ 4.0 నాలుగు లేన్లు. మొదటిది తడబడితే రెండోదాని మీద ఉన్నవన్నీ దాంతోపాటే తడబడతాయి.

కాబట్టి నీలితెర గారూ, అది కొన్నా ఇంకోటి కొన్నా ఆపరేటింగ్ సిస్టం, నడుస్తున్న ప్రాజెక్టు ఉన్న డ్రైవ్‌ని ప్రాసెసర్‌కి నేరుగా కలిసే ఎం.2 స్లాట్‌లో (చిన్న ఎస్ఎస్‌డీ పెట్టేది) పెట్టండి. సాధారణంగా అది సాకెట్‌కి దగ్గర్లో ఉన్నదే, అయినా మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. రెండో కాపీ ఉండే డ్రైవ్‌ని చిప్‌సెట్ స్లాట్‌లో పెట్టండి. రెండూ ఒకే దారి మీద ఉండకూడదు. మూడో కాపీ ఈ మిషన్‌లో అసలు వద్దు.